తడి గోనెల కింద రాయి

ఈ మధ్య చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకున్న ఆడపిల్లలు కొందరు నన్ను చూడటానికి వచ్చారు. ఒకామె కుట్టు మిషన్లు పెట్టుకుంది, ఒకామె పచ్చళ్ళు అమ్ముతుంది. ఒకప్పుడు బడిపిల్లలు రాసుకునే రాతి పలకల షెడ్డు నడిపిన ముసలామె మార్కాపురంలో ఇంకా బతికే ఉందని వాళ్ళకు ఎవరో చెప్పారట. కాఫీ తాగి, అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చారు.

"వ్యాపారం పడిపోయి, మనసు గూడా పడిపోయినప్పుడు మళ్ళీ ఎట్ల లేచినావు అవ్వా?"

ఒక తెల్లవారుజామున గట్టి పట్టుదలతో లేచి కూర్చున్నానని చెబుతాననుకున్నారు కాబోలు. నా జన్మలో నేను పట్టుదలతో నిద్ర లేవలేదు. చిన్నప్పుడు అమ్మ తిడితే లేచాను, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులకు లేస్తున్నాను. ఆరోజు వాళ్ళకు ఓపిక, కష్టం, దేవుడు అని ఏవో నాలుగు మాటలు చెప్పి పంపించాను. వాళ్ళు బుద్ధిగా తలలూపి వెళ్ళారు. అసలు జరిగింది చెప్పాలంటే కాఫీ తాగేంత సేపు చాలదు. అందుకని రాస్తున్నాను.

నన్ను లేపింది నీళ్ళు. నా ముఖాన కొట్టిన నీళ్ళు కావు, రాళ్ళ మీద పోసిన నీళ్ళు. పోసింది నేను కాదు. పోస్తున్న ఆమెను నేను తిట్టాను కూడా.

అవి మద్రాసు ప్రభుత్వం రోజులు. మేమప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్ళం. ఎక్కడో యుద్ధం జరుగుతుంటే ఇక్కడ కిరసనాయిలు దొరికేది కాదు. మా ఆయన వేరేవాళ్ళ షెడ్డులో రాయి చీల్చే పని నేర్చుకుని, ఊరి బయట ఒక రైతు మెట్టపొలంలో సొంతంగా గని తవ్వుకున్నాడు. వచ్చిన రాతిలో ఆ రైతుకు భాగం. గని పక్కనే బోదగడ్డి కప్పు వేసిన షెడ్డు. మగవాళ్ళు గని తవ్వి రాయి చీలుస్తారు. ఆడవాళ్ళం ఇసుకా నీళ్ళూ పోసి పలకను నున్నగా రుద్ది, చుట్టూ కొయ్య చట్రం బిగిస్తాం. మా పనివాళ్ళలో నేనూ ఒకదాన్ని. పెళ్ళికి ముందు మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి గుంటూరు వర్తకుడికి జాబులు రాయడం కూడా నా పనే. ఉలి మాత్రం ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ఆడది ఉలి పడితే రాయి అడ్డం పగులుతుందని ఒక మాట ఉండేది. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, ఖచ్చితంగా మగవాడే అయి ఉంటాడు.

పలక రాయి గురించి ఒక్క సంగతి చెప్పాలి. గనిలోంచి తీసిన దిమ్మలో భూమి తడి ఉంటుంది. ఆ తడి ఉన్నంతకాలమే అది పొరలు పొరలుగా చీలుతుంది. ఒకసారి ఎండిందా, మళ్ళీ తెచ్చి చెరువులో ముంచినా లాభం లేదు. ముక్కలవుతుంది గానీ పలక కాదు. అందుకని దిమ్మలను నీడలో పేర్చి, తడి గోనెలు కప్పి, ఉలి కిందికి వచ్చేదాకా రోజూ నీళ్ళు పోస్తూ కాపాడుకోవాలి. మా పనిలో మిగతావన్నీ మనిషి ఇష్టాన్ని బట్టి ఆగుతాయి. రాయి ఎండటం ఆగదు.

మా ఆయనకు దగ్గు పట్టుకుంది. గనుల్లో పనిచేసేవాళ్ళందరికీ అటో ఇటో ఉండే దగ్గే. ఆసుపత్రిలో క్షయ అన్నారు, మేమూ అదే అనుకున్నాం. ఆ దగ్గుతోనే ఆయన గనిలో కొత్త పొర ఒకటి పట్టుకున్నాడు. నీలం కలిసిన నలుపు, చార లేదు, మచ్చ లేదు. పడుకోమంటే వినకుండా రోజూ దిగి, కూలీలతో దిమ్మలు పైకి తీయించి షెడ్డు వెనక పేర్పించాడు. "ఇంత మంచి రాయి ఈ తాలూకాలో ఎవురూ చూసుండరు" అని నాతో అన్నాడు. అట్లా అన్న కొద్ది రోజులకే పోయాడు. చలికాలం చివర కురిసిన వానకు గని గోడ కూలి పూడిపోయింది. అందులో ఎవరూ లేరు, అదొక్కటే మేలు. ఇక మిగిలినవి ఆయన తీయించిన ఆ దిమ్మలే.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, రైలు వ్యాగన్లన్నీ మిలిటరీ వాళ్ళకే పోతున్నాయి, తాను చెప్పేదాకా పలకలు పంపవద్దని గుంటూరు వర్తకుడు రాశాడు. చట్రాలకు కొయ్య కూడా అట్లాగే అయిపోయింది. నల్లమల నుంచి వచ్చే కలప వచ్చినట్టే వచ్చి రైలెక్కి ఎటో పోయేది.

నేను ఇంట్లో కూర్చున్నాను. దుఃఖమంటే ఏడుపని అనుకుంటారు. నేను ఏడవలేదు. చింతపండు నానబెట్టి, పిసకడం మొదలుపెట్టి, ఎందుకు పిసుకుతున్నానో మరిచిపోయేదాన్ని. తల దువ్వుకోవడానికి కూర్చుంటే దువ్వెన చేతిలోనే ఉండి పూట గడిచిపోయేది. మాకు పిల్లలు లేరు. ఉంటే వాళ్ళ ఆకలికైనా లేచేదాన్నేమో. మా మిషన్ గుడి నుంచి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశాడు, ఇరుగు పొరుగు వచ్చి ధైర్యం చెప్పారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఒకామె అన్నది. కరగడానికి నా దగ్గర కొండ ఏముందో ఆమె చెప్పలేదు. పనివాళ్ళు కొన్నాళ్ళు పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. నేను పలకకపోతే వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత రావడం మానేశారు. కొందరు పక్క షెడ్డులో చేరారు, కొందరు రోడ్డు కూలికి పోయారు. షెడ్డు ఏమైందో, దిమ్మలు ఏమయ్యాయో నేను అడగలేదు. ఎండలు ముదిరాయి.

ఒకరోజు పక్క షెడ్డు ఆసామి వచ్చాడు. మాకంటే పెద్ద షెడ్డు ఆయనది. చెడ్డవాడు కాదు. మా ఆయన పోయినరోజు పాడె మోసిన నలుగురిలో ఒకడు. అరుగు మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెల్లీ, కోపం చేసుకోగాకు. ఎండలు చూస్తివి గదా. ఆ దిమ్మలు అట్లనే పడుంటే గోడ కట్టుకునేదానికి తప్ప దేనికీ పనికిరావు. నాకిచ్చెయ్. షెడ్డు గూడా నేనే చూసుకుంటా."

"తీసకపో అన్నా."

"కొంచెం బేరమన్నా ఆడమ్మా. నాకే బాగలేదు."

"ఏం బేరం ఆడేది. తీసకపో."

సంత అయిపోయాక బండ్లు తోలుకొస్తానని చెప్పి లేచాడు. వెళ్ళినవాడు ఆ సాయంత్రమే మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"ఏంది చెల్లీ ఇది. నువ్వేమో ఇల్లు కదలకపోతివి. రాళ్ళు చూసొచ్చినా. ఒక్క దిమ్మ ఎండలేదు, గోనెలు నీళ్ళు కారతాండాయి. ఎవురు పోస్తాండారు?"

"నాకేం తెలుసు."

"ఊర్లో బావుల కాడ బిందెలతో కొట్టుకుంటాండారు. నీ రాళ్ళకు మాత్రం రోజూ తానమా."

నాకు కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత నాకు వచ్చిన మొదటి కోపం అది. తాగడానికి నీళ్ళు లేని ఊళ్ళో నా పేరు చెప్పి ఎవరో రాళ్ళకు నీళ్ళు పోస్తున్నారు, ఆ మాట నలుగురి నోటా పడితే తిట్లు నాకే. మరుసటి రోజు ఎండ నడినెత్తికి వచ్చేవేళకు షెడ్డుకు నడిచాను. అన్నాళ్ళు ఇంట్లో కూర్చున్న కాళ్ళు కాబట్టి దారిలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

దిమ్మల పక్కన ఒకామె గొంతుక్కూర్చుని ఉంది. మా షెడ్డులో పెద్ద పనివాడి భార్య. మా ఆయనకు రాయి చీల్చడం నేర్పింది ఆ పెద్దాయనే. మాకు చుట్టాలేమీ కారు గానీ ఆయన్ని మామా అని, ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె పక్కన రెండు కుండలున్నాయి. చెంబుతో కొంచెం కొంచెం తీసుకుని, పై నుంచి కాకుండా, పక్కకు వంగి దిమ్మ అంచుల వెంట పోస్తోంది. ఒక దిమ్మ అయ్యాక దాని గోనె సర్ది, మోకాళ్ళ మీదే ముందుకు జరిగి రెండో దిమ్మ దగ్గరికి పోతోంది.

"నిన్నెవురు పొయ్యమన్నారు అత్తా?" అన్నాను. "మనుషులు తాగేదానికి లేకపాయె, రాళ్ళకు పోస్తాండావా?"

ఆమె తల ఎత్తలేదు. "ఊరి బావి నీళ్ళు గాదులే. వాగులో చెలమ తోడుకున్నా. నా కుండ, నా నడుము."

వాగు అక్కడికి దగ్గరేమీ కాదు. ఆ ఎండలో ఇసుక తవ్వి, ఊరేదాకా కూర్చుని, చెంబు చెంబు నింపుకుని రావాలి.

"ఇంక పొయ్యగాకు. రాళ్ళు అమ్మేసినా. రేపో మాపో బండ్లు వస్తాయి."

అప్పుడు చెయ్యి ఆగింది. చెంబు కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, మొదటిసారి నా వైపు చూసింది.

"ఆ ఆసామికేనా?"

"ఆయనకే."

"ఆయన షెడ్డులోకి మీ మామను రానీరు. అడిగొచ్చినా. దగ్గేటోడిని పెట్టుకుంటే మిగతావోళ్ళు భయపడతారంట."

ఆమె మళ్ళీ చెంబు తీసుకుని మిగిలిన నీళ్ళు పోస్తూ మాట్లాడింది.

"నీ కోసం పోస్తాండాననుకోగాకు తల్లీ. నీ మీద నాకంత ప్రేమ యాడిది. షెడ్డు మూసినకాడి నుంచి మీ మామ గోడకు తిరిగి పండుకున్నాడు. కూడు పెడితే తింటాడు, లేకుంటే అడగడు. పొద్దున్నే ఒక్కమాట మాత్రం అడుగుతాడు, రాళ్ళు తడిగా ఉండాయా అని. ఉండాయంటే లేచి కూసుని మొగం కడుక్కుంటాడు. ఎండిపోయినాయని నా నోటితో నేను చెప్పలేను. లేనిది ఉందని చెప్దామా అంటే, పుట్టిన కాడి నుంచి రాయి చీల్చినోడికి రాయి సంగతి అబద్ధం చెప్పేదెట్ల? అందుకని పోస్తాండా."

ఆమె మాటలకు నా గుండె కరిగిందని రాస్తే బాగుంటుంది. అది అబద్ధం. నాకు అసూయ వేసింది. నేనూ గోడకు తిరిగి పడుకున్నదాన్నే. నా కోసం ఎవరూ రెండు కుండలు మోయలేదు. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. మా ఆయన ఊపిరి పోయేదాకా తీయించిన రాయి ఇది. పొద్దున లేచి దాని సంగతి అడిగే మనిషి ఈ ఊళ్ళో ఒకడున్నాడు, ఆ మనిషి నేను కాదు. అది తట్టుకోలేకపోయాను. అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడవాలని కూర్చున్నాను గానీ ఏడుపు రాలేదు. ఆకలేసింది.

"సద్దేమన్నా తెచ్చుకున్నావా అత్తా?"

ఆమె జొన్నరొట్టె మూట విప్పింది. ఎండు రొట్టె, మిరప్పొడి. సగం నాకు పెట్టింది. ఆ తడి గోనెల దగ్గర కొంచెం చల్లగా ఉంటే అక్కడే కూర్చుని తిన్నాం. తింటూ నేను అడగాల్సింది అడిగాను.

"అత్తా, మామ దగ్గు ఈ పని వల్లనే ఏమో. మా ఆయనకు గూడా ఇట్లనే మొదలాయె."

"నాకు తెలీదనుకున్నావా? పనిజేస్తే తొందరగా పోతాడు. చెయ్యకుంటే నా కండ్ల ముందర రోజుకింత పోతాడు. ఏది మేలో నువ్వే చెప్పు. చదువుకుంటివి గదా."

అది ఇప్పటికీ చెప్పలేను. రొట్టె తిని, ఆ కుండల్లో ఒకటి నేను ఎత్తుకుని ఆమెతో పాటు వాగుకు నడిచాను.

సాయంత్రం పక్క షెడ్డుకు పోయి రాళ్ళు ఇవ్వనని చెప్పాను. ఆసామికి కోపం రాలేదు.

"ఆరోజు ఆడమంటే ఆడకపోతివి, ఇప్పుడు బేరమాడతాండావా?"

"బేరం గాదన్నా. నేనే నడుపుకుంటా."

"వ్యాగన్లు లేవు. చట్రాలకు కొయ్య లేదు. చీల్చినాక ఆ పలకలు నెత్తిన పెట్టుకుని తిరుగుతావా?"

"ఏమో, తెలీదు."

నిజంగానే తెలియదు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, ఆ రాళ్ళు ఎండిపోకముందే చీల్చాలి.

షెడ్డు మళ్ళీ తెరిచిన రోజు మామ భార్య భుజం మీద చెయ్యి వేసుకుని నడిచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. పాత పనివాళ్ళలో పలకలు రుద్దే ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారు, బరువులెత్తేవాడు ఒకడు వచ్చాడు. అంతే. మామ ఒక దిమ్మ తీయించి ముందు పెట్టించుకున్నాడు. సుత్తి మొనతో తట్టి విన్నాడు. అరచేత్తో దాని అంచు వెంట నిమిరాడు. ఊపిరి బిగబట్టి ఉలి పెట్టి చిన్నగా కొట్టాడు, కొంచెం జరిపి మళ్ళీ కొట్టాడు. దిమ్మ చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది. లోపలి ముఖం మీద సన్నటి తడి. దాన్ని మళ్ళీ రెండు, వాటిని మళ్ళీ రెండు. అన్ని నెలలు ఉలి ముట్టకపోయినా ఒక్కటి కూడా అడ్డం పగలలేదు. అప్పుడు ఉలి పక్కన పెట్టి దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. అందరం నిలబడి చూస్తున్నాం. అత్త నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే కూర్చుంది. దగ్గు ఆగాక ఆయన ఆమె వైపు తిరిగి, "బాగా తడిపినావే" అన్నాడు.

నాకు సంతోషం కలిగింది. చాలా సంతోషం. ఆ దగ్గు వింటూ కూడా కలిగింది. అదేమిటో మీరే ఆలోచించుకోండి.

ఇక అమ్మడం. చట్రాలకు కొయ్య లేదు కాబట్టి చట్రాలు లేకుండానే అమ్ముదామనుకున్నాను. రైలు లేదు కాబట్టి ఎద్దులబండి. గుంటూరు వద్దు, మన పల్లెలే చాలు. అడవి అంచు ఊళ్ళలో యుద్ధం మొదలైనప్పటి నుంచి కొత్త పలక చూసిన పిల్లలు లేరు, ఇసుకలో రాస్తున్నారు. ఈ సంగతి విని పక్క షెడ్డు ఆసామి పడీ పడీ నవ్వాడు. "చట్రం లేని పలకంటే మొలతాడు లేని పిల్లోడే గదా చెల్లీ" అన్నాడు. మొలతాడు లేకపోయినా పిల్లోడు పిల్లోడే అన్నాను.

మొదటి సంత యర్రగొండపాలెం. బండి విప్పి పలకలు పరిచాను. పొద్దు తిరగకముందే ఒక్కటి మిగల్లేదు. డబ్బులున్నవాళ్ళు డబ్బులు, లేనివాళ్ళు జొన్నలు, కొర్రలు. గూడెం నుంచి వచ్చిన ఒకామె సీకాయ మూట ఇచ్చి పలక తీసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో గింజల మూటల మీద పడుకుని నేను పాట పాడానట. బండివాడు చాలా ఏళ్ళు ఆ సంగతి చెప్పి నవ్వేవాడు.

మరుసటి వారం అదే సంతకు వెళ్ళి ఎద్దులను విప్పకముందే ఒక తల్లి కొడుకును రెక్క పట్టుకుని వచ్చింది. వాడి వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. పలక బండి మీద ధన్‌మని పెట్టింది.

"అక్షరాలేమో గానీ మావోడికి వేళ్ళు తెగినాయి. నీ పలకొద్దు, నా జొన్నలు నాకియ్యి."

చట్రం లోపల ఉండే అంచులు కాబట్టి వాటి పదును సంగతి మాకెవరికీ పట్టలేదు. కొత్తగా కోసిన పలక అంచు కొడవలి లాంటిది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇద్దరు. జొన్నలు తిరిగి కొలిచిచ్చాను. ఎవరూ కొట్టలేదు గానీ, మార్కాపురం వాళ్ళు పిల్లల చేతులు కోసే రకమని ఒక ముసలాయన సంత మధ్యన నిలబడి అన్న మాట మాత్రం కొట్టినట్టే తగిలింది.

ఇంటికొచ్చి పడుకున్నాను. మళ్ళీ గోడ వైపే. ఒకసారి లేచినవాళ్ళు మళ్ళీ పడిపోరని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండోసారి పడటం ఇంకా సులువు, దారి తెలిసి ఉంటుంది కాబట్టి. ఆ మరుసటి రోజు కూడా లేవలేదు. ఎవరో గుమ్మంలో దగ్గుతున్నారు. మామ. షెడ్డు నుంచి మా ఇంటిదాకా ఒంటరిగా నడిచొచ్చాడు. గడపకు ఆనుకుని కూర్చుని, ఊపిరి అందేదాకా ఆగి, అప్పుడు మాట్లాడాడు.

"పండుకునేది నా వంతు అమ్మాయ్. నీది గాదు. లే."

"పిల్లల వేళ్ళు తెగినాయి మామా."

"తెగినాయి. రాయి చీల్చేది నా పని, రుద్దేది నీ పని. మొగం రుద్ది అంచు వదిలేస్తిరి. పో, రుద్దు."

ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. తిరిగొచ్చిన పలకలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మూలలు గుండ్రంగా తీసి, అంచులు రెండు వైపులా ఇసుకతో రుద్ది, నా బుగ్గ మీద గీసుకుని చూసేదాన్ని. గీరుకుంటే మళ్ళీ రుద్దడం. అట్లా కొన్ని వారాలు నా బుగ్గ మీద సన్నటి గీతలుండేవి. మళ్ళీ అదే సంతకు పోయి, అదే తల్లిని వెతికి పట్టుకుని, ఆమె కొడుకు చేతిలో పలక పెట్టాను. ఏమీ అడగలేదు. ఆమె అంచుల వెంట వేలు పెట్టి నాలుగు వైపులా తిప్పి చూసింది. "ఇట్ల ముందే చేసుంటే పోయేది గదా" అని వెళ్ళిపోయింది. ఇంకో గంటకు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ తర్వాత గిద్దలూరు, కంభం, హనుమంతునిపాడు, ఎక్కడ సంత ఉంటే అక్కడికి బండి పోయేది. పల్లె బడుల పంతుళ్ళు బండికి ఎదురొచ్చేవాళ్ళు. రోడ్డు కూలికి పోయినవాళ్ళు తిరిగొచ్చారు. కొత్త గని తవ్వడానికి మా పాత గని ఉన్న మెట్టపొలం రైతే ఇంకో ముక్క నేల చూపించాడు. వ్యాపారం లేచిందని ఊరంతా అన్నారు. నిజమే, లేచింది.

మామ మాత్రం తగ్గిపోతూ వచ్చాడు. షెడ్డు చుట్టూ తడి గోనెలు వేలాడగట్టించాను, దుమ్ము కొంచెమైనా అణుగుతుందని. మూతికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకుని, నేను అటు తిరగగానే తీసేసేవాడు. గుడ్డ కట్టుకుంటే ఊపిరాడదనేవాడు. అది కూడా నిజమే. దుమ్ముకూ ఆ జబ్బుకూ ఉన్న లంకె గట్టిగా చెప్పే డాక్టర్లు చాలా ఏళ్ళ తర్వాత గానీ రాలేదు. కానీ మాకు తెలియదా? ఆయన పక్కన కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. "ఇంక చాలు మామా, ఇంటి కాడ ఉండు, నీ కూలి నీకు పంపిస్తా" అన్నాను ఒకరోజు.

"ఈ దిమ్మలు అయిపోనియ్" అన్నాడు.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం ఉలి నా చేతిలో పెట్టాడు. షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. నేను కొట్టాను. రాయి అడ్డం పగల్లేదు. నా బొటనవేలు పగిలింది. ఆయన నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ తర్వాత రోజూ కాసేపు నేర్పేవాడు. మాటలు తక్కువ. ఉలి తప్పుగా పెడితే నా మోచేతి మీద తట్టేవాడు, సరిగ్గా పెడితే ఏమీ చేసేవాడు కాదు.

దిమ్మలు అయిపోకముందే ఆయన అయిపోయాడు. వానలు పడిన మొదటి వారం. షెడ్డులో ఉలి పట్టుకుని పోయాడనీ, చివరి దిమ్మ చీల్చి పోయాడనీ చెబితే వినడానికి బాగుంటుంది. అట్లా ఏమీ జరగలేదు. ఇంట్లో మంచం మీద, ఊపిరి కోసం రెండు రోజులు కొట్టుకుని పోయాడు. మిగిలిన దిమ్మలు నేను చీల్చాను. సగం పాడుచేశాను.

కార్యాలన్నీ అయ్యాక అత్త దగ్గరికి పోయాను. జొన్నల మూట తీసుకుపోయాను, షెడ్డులో ఎప్పటికీ పని ఉంటుందని చెబుదామనుకున్నాను. ఆమె చాట ముందు పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది. నేను చెప్పింది విన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"నేను నీళ్ళు పోయకుంటే ఆ రాళ్ళు ఎండిపోయేటివి గదా?"

"ఎండిపోయేటివి."

"నువ్వు అమ్మేసేదానివి. ఆయన మంచంలోనే ఉండేటోడు. ఇంకొక ఏడాది ఉండేటోడేమో."

ఏమని చెప్పేది? నీ వల్లే నా షెడ్డు నిలబడిందని చెప్పాలా? ఆయన పని చేస్తూ సంతోషంగా ఉన్నాడని చెప్పాలా? ఉన్నాడు. నేను చూశాను. కానీ ఆమె అడిగింది అది కాదు. జొన్నల మూట అక్కడ పెట్టి వచ్చేశాను. ఆమె మళ్ళీ షెడ్డుకు రాలేదు. పొలం కూలికి పోయేది.

ఆ ఆడపిల్లలు మళ్ళీ వస్తే ఇదంతా చెప్పగలనో లేదో. షెడ్డు నడిపినందుకు నేను బాధపడటం లేదు. ఎన్నో ఇళ్ళు దాని మీద బతికాయి, నేనూ బతికాను. ఆ ఇళ్ళలో కొన్నింటిలోకి ఆ దగ్గు కూడా పోయింది. రెండూ ఒకే షెడ్డులోంచి పోయాయి. మళ్ళీ ఎట్లా లేచావని అడిగితే నాకు కనిపించేది మాత్రం ఇంకొకటి.

కొత్త గని నుంచి మొదటి దిమ్మలు వచ్చిన రోజు. పేర్పించి, గోనెలు కప్పించి, పనివాళ్ళెవరికీ చెప్పకుండా నేనే కుండ తెచ్చుకుని నీళ్ళు పోస్తున్నాను. కొడవలి భుజాన వేసుకుని పొలానికి పోతున్న అత్త కంచె దగ్గర ఆగింది. నేను చూశాను గానీ పిలవలేదు. పిలిచే మొహం నాకు లేదు. ఆమె చాలాసేపు నిలబడి, నేను గోనెల పైనుంచి కుండతో గుమ్మరించడం చూసింది.

"పైనుంచి పోస్తే లోపలికి దిగదు" అన్నది. "పొరల పక్క నుంచి పొయ్యి. చెంబుతో. నిదానంగా."

అని పొలానికి పోయింది. నేను చెంబు తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత షెడ్డు మూసేసిన రోజుదాకా పక్క నుంచే పోశాను.